పాఠం 9: సమస్యల నమోదు వ్యవస్థ – బృంద సభ్యులకు సమాచారం అందే ఏర్పాటు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఒక ఉదాహరణ: పాలకేంద్రం బిల్లు
9.3 టికెట్టుతో సంబంధం ఉన్నవారు
9.4 సభ్యులు జాబితాలో చేరే మార్గాలు
9.5 ఎవరిని చేర్చాలి?
9.6 అందరినీ చేర్చితే ఏమవుతుంది?
9.7 గోప్యత
9.8 సెలవు, బదిలీ, ముగింపు
9.9 సారాంశం
9.10 పదకోశం
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.12 మీ సమాధానాలను సరిచూసుకోండి

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• సమస్యల నమోదు వ్యవస్థ అంటే ఏమిటో, అందులో సబ్‌స్క్రిప్షన్ ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• ఒక పనిని అప్పగించడానికీ, దాని గురించి తెలియజేయడానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక టికెట్టుకు ఎవరిని చేర్చాలో, ఎవరిని చేర్చనవసరం లేదో కారణాలతో నిర్ణయించగలుగుతారు.
• అనవసరమైన కబుర్ల వల్ల, గోప్యత లోపించడం వల్ల కలిగే నష్టాలను నివారించగలుగుతారు.

9.1 పరిచయం

బస్సు స్టాండులో ఫిర్యాదుల పుస్తకాన్ని మీరు చూసే ఉంటారు. ప్రయాణికుడు అందులో తన ఇబ్బంది రాసి సంతకం పెడతాడు. ఆ పుటను తరువాత ఎవరు చదివారో, ఎప్పుడు చదివారో, ఏం చేశారో రాసినవారికి తెలియదు. పుస్తకంలో రాత ఉంటుంది. కాని అది తెలియవలసిన మనిషి దగ్గరకు దానంతట అది నడిచి వెళ్లదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసే బృందాలు కూడా ఇలాంటి పుస్తకాన్నే వాడతాయి. ప్రోగ్రాములో కనిపించిన ప్రతి లోపానికీ, చేయవలసిన ప్రతి పనికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని వివరాలూ, దానిపై జరిగిన చర్చా, అది ఏ దశలో ఉందో ఒకేచోట రాసిపెట్టే ఏర్పాటును సమస్యల నమోదు వ్యవస్థ అంటారు. కార్యాలయాల్లో దీన్ని ఇష్యూ ట్రాకర్ అని పిలవడం వాడుక. అందులోని ఒక్కొక్క నమోదును టికెట్టు అంటారు.

ఫిర్యాదుల పుస్తకానికీ, ఈ వ్యవస్థకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. టికెట్టులో ఏదైనా మార్పు జరిగిన వెంటనే ఈ వ్యవస్థ సంబంధిత వ్యక్తులకు కబురు పంపగలదు. మనం ఒక వారపత్రికకు చందా కడితే, మళ్లీ మళ్లీ అడగకుండానే ప్రతి సంచికా ఇంటికి వస్తుంది కదా. అలాగే ఒక టికెట్టుకు ఒక సభ్యుణ్ణి చేర్చితే దానిలో జరిగే ప్రతి ముఖ్యమైన మార్పూ అతనికి ఈమెయిల్ రూపంలోనో, మరో విధంగానో చేరుతుంది. దీన్నే సబ్‌స్క్రిప్షన్ అంటారు.

ఇలాంటి వ్యవస్థలు కొత్తవి కావు. డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోసం ఇయన్ జాక్సన్ 1994లో ఒక వ్యవస్థను రాశారు. అది పూర్తిగా ఈమెయిల్ మీద ఆధారపడి నడిచేది. 1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం టెర్రీ వైస్‌మన్ బగ్‌జిల్లాను తయారుచేశారు. తరువాత 2002లో జీరా, 2006లో రెడ్‌మైన్ వచ్చాయి. వీటి తెరలు వేరువేరుగా ఉన్నా, ఒక మార్పు జరిగినప్పుడు ఎవరికి తెలియాలి అన్న ప్రశ్న అన్నింటిలోనూ ఒక్కటే. కబురు పంపే పని యంత్రం చేస్తుంది. ఎవరికి పంపాలో నిర్ణయించవలసింది మాత్రం బృందమే.

9.2 ఒక ఉదాహరణ: పాలకేంద్రం బిల్లు

ఈ పాఠమంతటా ఒకే ఉదాహరణను వాడుకొందాం. ఇది ఊహించి రాసినది.

గ్రామాల్లోని పాలకేంద్రాలకు బిల్లులు తయారుచేసే ప్రోగ్రామును ఒక చిన్న బృందం రాసిందనుకోండి. రైతు పాలు పోయగానే యంత్రం వెన్న శాతాన్ని కొలుస్తుంది. ప్రోగ్రాము ఆ శాతానికి తగిన ధర కట్టి లెక్క రాస్తుంది. పది రోజులకొకసారి బిల్లు చెల్లిస్తారు.

ఒక కేంద్రం కార్యదర్శి సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. యంత్రం 6.48 శాతం చూపుతుంటే బిల్లులో 6.4 అని పడుతోందని చెప్పాడు. ధరల పట్టిక ప్రకారం రెండవ దశాంశ స్థానాన్ని దగ్గరి సంఖ్యకు సవరించి 6.5గా తీసుకోవాలి. ప్రోగ్రాము మాత్రం చివరి అంకెను కత్తిరించి వదిలేస్తోంది. 0.1 శాతం వెన్నకు లీటరుకు 80 పైసల తేడా ఉందనుకొందాం. ఎనిమిది లీటర్లు పోసిన రైతుకు ఆ పూట 6 రూపాయల 40 పైసలు తక్కువ పడుతుంది. రోజుకు రెండు పూటలు, పది రోజులు ఇలాగే జరిగితే ఒక్క బిల్లులో 128 రూపాయలు పోతాయి. రైతు చేతికి వచ్చే కాగితంలో 6.4 అనే ఉంటుంది కాబట్టి, నష్టం జరిగిందని కూడా అతనికి తెలియదు.

సహాయ కేంద్రంలో పనిచేసే ఉద్యోగిని ఈ విషయాన్ని 214వ సంఖ్య టికెట్టుగా నమోదు చేసింది. ఆ బృందంలో మొత్తం పన్నెండుమంది ఉన్నారు. ఈ టికెట్టు గురించి వారిలో ఎవరికి తెలియాలి? పాఠం చదువుతూ మీరూ ఆలోచించండి.

9.3 టికెట్టుతో సంబంధం ఉన్నవారు

ఒక టికెట్టుతో సంబంధం ఉన్నవారిని మూడు రకాలుగా చెప్పవచ్చు.

(అ) నమోదు చేసినవారు: సమస్యను మొదట రాసినవారు. తమ మాట ఏమైందో తెలుసుకొనే హక్కు వీరికి ఉంటుంది. చాలా వ్యవస్థలు వీరిని తమంతట తామే జాబితాలో చేర్చుకొంటాయి. కాని అన్నీ అలా చేయవు. డెబియన్ వ్యవస్థలో అనేక సంవత్సరాలపాటు, టికెట్టు చిరునామాకు రాసిన జవాబు నమోదు చేసినవారికి దానంతట అది చేరేది కాదు. వారికి కూడా చేరాలంటే వేరే చిరునామాను ప్రత్యేకంగా చేర్చవలసివచ్చేది. కాబట్టి మీరు వాడే వ్యవస్థ ఏం చేస్తుందో ముందుగా పరీక్షించి తెలుసుకోవాలి.

(ఆ) బాధ్యులు: ఆ సమస్యను పరిష్కరించవలసిన వ్యక్తి. తెరపై అసైనీ అనే పేరుతో కనిపించేది వీరే. ఒక టికెట్టుకు ఒక్కరే బాధ్యులుగా ఉండటం మంచి పద్ధతి.

(ఇ) గమనించేవారు: పని చేయకపోయినా, పని ఎలా సాగుతోందో తెలియవలసినవారు. బగ్‌జిల్లాలో వీరి జాబితాను సీసీ అంటారు. జీరా, రెడ్‌మైన్‌లలో వాచర్లు అంటారు. ఫాబ్రికేటర్ అనే వ్యవస్థలో సబ్‌స్క్రైబర్లు అంటారు. రౌండప్ అనే వ్యవస్థలో దీనికి ఒక చమత్కారమైన పేరు ఉంది. అక్కడ దీన్ని నోజీ జాబితా అంటారు. ఎదుటివారి పనిలోకి తొంగిచూసేవారని దాని అర్థం.

ఇక్కడ అతి ముఖ్యమైన విషయాన్ని గమనించండి. తెలియజేయడం వేరు, అప్పగించడం వేరు. ఒక టికెట్టును ఐదుగురికి తెలియజేసి బాధ్యులుగా ఎవరి పేరూ రాయకపోతే, ఆ ఐదుగురిలో ప్రతి ఒక్కరూ మిగిలిన నలుగురిలో ఎవరో చూసుకొంటారనుకొంటారు. పెళ్లింట పదిమంది పెద్దలుండి, నీళ్ల బిందె ఎవరూ నింపకపోవడం లాంటిది ఇది. గమనించేవారి జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా అది బాధ్యుల పేరుకు బదులు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. టికెట్టు అంటే ఏమిటి?
2. బాధ్యులకూ, గమనించేవారికీ గల తేడా ఏమిటి?

9.4 సభ్యులు జాబితాలో చేరే మార్గాలు

ఒక సభ్యుడు టికెట్టు జాబితాలోకి ప్రధానంగా నాలుగు మార్గాల్లో వస్తాడు.

మొదటిది, తానే చేరడం. టికెట్టు పుటలో వాచ్ లేదా సబ్‌స్క్రైబ్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే చాలు. డెబియన్ వ్యవస్థలో టికెట్టు సంఖ్య పక్కన సబ్‌స్క్రైబ్ అనే పదం గల చిరునామాకు ఒక ఖాళీ ఈమెయిల్ పంపాలి. వెంటనే చేర్చుకోకుండా, ఆ వ్యవస్థ ముందుగా నిర్ధారణ కోరుతూ ఒక ఉత్తరం పంపుతుంది. దానికి జవాబిస్తేనే పేరు చేరుతుంది. ఒకరి పేరుతో మరొకరు చందా కట్టి ఇబ్బంది పెట్టకుండా ఇది కాపాడుతుంది.

రెండవది, ఇతరులు చేర్చడం. బృంద నాయకురాలో, టికెట్టు రాసినవారో ఒక సభ్యుని పేరును జాబితాలో చేర్చుతారు. అందరికీ ఈ అనుమతి ఉండకపోవచ్చు. జీరాలో ఇతరుల పేర్లను చేర్చడానికి, తొలగించడానికి ప్రత్యేక అనుమతి అవసరం.

మూడవది, పని వల్ల చేరడం. టికెట్టులో వ్యాఖ్య రాసినవారినీ, వ్యాఖ్యలో పేరు ప్రస్తావించబడినవారినీ కొన్ని వ్యవస్థలు తమంతట తామే చేర్చుకొంటాయి. 2000లో కా-పింగ్ యీ రూపొందించిన రౌండప్ నమూనాలో ఇదే కీలకం. చర్చలో పాల్గొన్న ప్రతివారూ ఆ టికెట్టు వరకు ఒక చిన్న బృందంగా ఏర్పడతారు. చర్చ ముగిస్తే ఆ బృందమూ ముగుస్తుంది. పైథాన్ భాష అభివృద్ధి బృందం 2007 నుంచి 2022 వరకు రౌండప్‌నే వాడింది. ఆ తరువాత గిట్‌హబ్‌కు మారింది. గిట్‌హబ్‌లోనూ వ్యాఖ్య రాసినా, బాధ్యత అప్పగించినా, పేరు ప్రస్తావించినా ఆ వ్యక్తి చందాదారు అవుతాడు.

నాలుగవది, విభాగం వల్ల చేరడం. ప్రోగ్రామును బిల్లులు, కొలతలు, నివేదికలు అంటూ విభాగాలుగా చేసి, ఒక్కొక్క విభాగానికి ముందుగానే పేర్లు నిర్ణయించవచ్చు. బగ్‌జిల్లాలో ప్రతి విభాగానికీ తొలి బాధ్యుని పేరూ, తొలి సీసీ జాబితా పెట్టుకొనే వీలుంది. ఆ విభాగంలో కొత్త టికెట్టు పుట్టగానే వారికి కబురు వెళుతుంది.

తెలుగువారికి ఈ నాలుగవ మార్గంతో నేరుగా సంబంధం ఉంది. మొజిల్లా వారి బగ్‌జిల్లాలో తెలుగు స్థానికీకరణకు ప్రత్యేక విభాగం ఉంది. ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులోకి తెచ్చే స్వచ్ఛంద కార్యకర్త ఆ ఒక్క విభాగాన్ని గమనిస్తే, వేలాది ఇతర టికెట్ల గొడవ లేకుండా తెలుగుకు సంబంధించినవి మాత్రమే చూడవచ్చు. తెలుగు వికీపీడియా సాంకేతిక సమస్యలు నమోదయ్యేది వికీమీడియా సంస్థ వ్యవస్థలో. ఆ సంస్థ 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్‌కు మారింది. ఫాబ్రికేటర్‌లో ఒక ప్రాజెక్టుకు సభ్యులు వేరు, గమనించేవారు వేరు. సభ్యునిగా చేరినంత మాత్రాన ఆ ప్రాజెక్టులోని ప్రతి టికెట్టు కబురూ రాదు. అన్నీ కావాలంటే గమనించేవారిగా కూడా చేరాలి. బృందంలో పేరు ఉంది కాబట్టి కబురు వస్తుందిలే అనుకోవడం ఇలాంటి చోట పొరపాటు అవుతుంది.

9.5 ఎవరిని చేర్చాలి?

ఒక పేరును జాబితాలో చేర్చేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఈ సమస్యను పరిష్కరించడానికి కావలసిన ఏదైనా విషయం ఈ వ్యక్తికి తెలుసా?
2. పరిష్కారం వల్ల ఈ వ్యక్తి చేసే పని మారుతుందా?
3. ఈ వ్యక్తి బయట ఎవరికైనా జవాబు చెప్పాలా?
4. పని ఆగిపోతే కదిలించవలసింది ఈ వ్యక్తేనా?

నాలుగింటికీ కాదు అనే జవాబు వస్తే ఆ పేరు అవసరం లేదు. ఒక్కదానికి అవునని వచ్చినా చేర్చవచ్చు.

ఇప్పుడు 214వ టికెట్టు చూడండి. లెక్కల భాగం రాసిన ప్రోగ్రామరు బాధ్యుడు. ధరల పట్టికలో సవరణ నియమం ఏమిటో తెలిసిన గణకురాలిని చేర్చాలి. ఇది మొదటి ప్రశ్న కింద వస్తుంది. సవరించిన ప్రోగ్రామును పరీక్షించవలసిన ఆమెను చేర్చాలి. ఇది రెండవది. బృంద నాయకురాలిది నాలుగవ ప్రశ్న. యంత్రాల బిగింపు చూసే ఇద్దరికీ, నివేదికల ముద్రణ చూసే అతనికీ దీనితో పనిలేదు.

మూడవ ప్రశ్నను తరచుగా మరచిపోతారు. ఇక్కడ నష్టపోయినది రైతు. ఫోను చేసింది కార్యదర్శి. వీరిద్దరికీ ఆ వ్యవస్థలో ఖాతా లేదు. కాబట్టి ఎంత గొప్ప వ్యవస్థ అయినా వారికి నేరుగా కబురు పంపలేదు. ఫోను అందుకొన్న సహాయ కేంద్రం ఉద్యోగినే వారి తరఫున జాబితాలో చివరిదాకా ఉండాలి. ఆమె పేరు తొలగిపోతే ప్రోగ్రాము సరిగా మారినా కార్యదర్శికి ఆ సంగతి చెప్పేవారుండరు. పాత బిల్లుల్లో తగ్గిన డబ్బు తిరిగి లెక్కకట్టాలన్న మాటా మరుగున పడుతుంది. వ్యవస్థకు బయట ఉన్న ప్రతి మనిషికీ లోపల ఒక చందాదారు ఉండాలని గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రశ్నకు మరొక ఉదాహరణ చూడండి. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఫోన్లలో ఒక లోపం బయటపడింది. తెలుగులోని "జ్ఞా" అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేత క్రమంలో రాసి పంపితే, సందేశం చూపవలసిన అనువర్తనం ఆగిపోయేది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐ.ఓ.ఎస్. 11.2.6తో దీన్ని సరిచేశారు. ఒత్తులు, గుణింతాలు ఎలా కలుస్తాయో తెలియని ప్రోగ్రామరు ఒక్కడే కూర్చొని ఇలాంటి లోపాన్ని అర్థం చేసుకోవడం కష్టం. లిపికి సంబంధించిన టికెట్టు వచ్చినప్పుడు ఆ లిపి చదవగలవారు ఒక్కరైనా జాబితాలో ఉండాలి. పదవిని బట్టి కాక, తెలిసిన విషయాన్ని బట్టి పేరు చేర్చాలనడానికి ఇది తగిన ఉదాహరణ.

ఒక పేరు చేర్చినప్పుడు కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "ధరల పట్టికలోని సవరణ నియమం సరిచూడటానికి గణకురాలిని చేర్చాను" అని రాస్తే ఆమె తన నుంచి ఏం కావాలో వెంటనే గ్రహిస్తుంది. కారణం లేకుండా వచ్చిన కబురును చదివి, ఇది నాకెందుకు వచ్చిందని పక్కనపెట్టడం సహజం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. సభ్యులు జాబితాలో చేరే నాలుగు మార్గాలేవి?
4. 214వ టికెట్టులో సహాయ కేంద్రం ఉద్యోగిని చివరిదాకా ఎందుకు ఉండాలి?

9.6 అందరినీ చేర్చితే ఏమవుతుంది?

"ఎవరినీ మరచిపోకుండా ఉండటానికి పన్నెండుమందినీ అన్ని టికెట్లకూ చేర్చితే పోదా?" అని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం.

రోజుకు 10 టికెట్లు కదులుతాయనీ, ఒక్కొక్కదానిలో 4 మార్పులు జరుగుతాయనీ అనుకోండి. మొత్తం 40 మార్పులు. పన్నెండుమందికీ పంపితే 480 ఉత్తరాలు. అంటే ఒక్కొక్కరికి రోజుకు 40. టికెట్టుకు ముగ్గురిని మాత్రమే చేర్చితే మొత్తం 120 ఉత్తరాలు. సగటున ఒక్కొక్కరికి 10.

నలభై ఉత్తరాల్లో తనకు సంబంధించినవి నాలుగే అయితే మనిషి ఏం చేస్తాడు? కొన్నాళ్లు అన్నీ చదువుతాడు. తరువాత పైపైన చూస్తాడు. చివరకు వాటన్నింటినీ నేరుగా ఒక సంచికలోకి పంపేలా అమర్చుకొని చూడటమే మానేస్తాడు. అప్పుడు రైతు డబ్బుకు సంబంధించిన ఉత్తరమూ ఆ కుప్పలోనే పడి ఉంటుంది. కబురు వెళ్లింది కాని అందలేదు. వ్యవస్థ రికార్డులో మాత్రం తెలియజేసినట్లే ఉంటుంది. ఎవరికీ చెప్పకపోవడం కంటే ఇది ఒక విధంగా ఎక్కువ ప్రమాదకరం. చెప్పామన్న ధైర్యంతో మళ్లీ ఎవరూ అడగరు.

దీన్ని తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి.

• ఏ మార్పుకు కబురు కావాలో ఎంచుకోవడం. బగ్‌జిల్లాలో ఇందుకు ఒక పట్టిక ఉంటుంది. ఒకవైపు మార్పుల రకాలు, మరొకవైపు మన పాత్రలు ఉంటాయి. నేను బాధ్యుణ్ణయితే అన్ని మార్పులూ పంపు, సీసీలో ఉంటే టికెట్టు ముగిసినప్పుడు మాత్రమే పంపు అని గుర్తులు పెట్టవచ్చు.

• తన మార్పులకు తనకే కబురు రాకుండా చేసుకోవడం. చాలా వ్యవస్థల్లో ఈ వీలుంది.

• ఎందుకు వచ్చిందో చూసి వేరుచేయడం. బగ్‌జిల్లా, గిట్‌హబ్ పంపే ఉత్తరాల తలకట్టులో ఆ ఉత్తరం బాధ్యత వల్ల వచ్చిందా, సీసీ వల్ల వచ్చిందా, పేరు ప్రస్తావన వల్ల వచ్చిందా అనే కారణం ఉంటుంది. దాన్నిబట్టి ఈమెయిల్ ప్రోగ్రాము ఉత్తరాలను వేరువేరు సంచికల్లో పెట్టగలదు. బాధ్యత వల్ల వచ్చినవి ముందుగా చదవాలి.

• మొత్తం బృందం పేరు పిలవకపోవడం. ఒక వ్యాఖ్యలో బృందం పేరు రాస్తే అందులోని వారందరికీ కబురు వెళుతుంది. నిజంగా అందరూ చదవవలసినప్పుడే అలా రాయాలి.

9.7 గోప్యత

టికెట్టుకు చేర్చడం అంటే కేవలం కబురు పంపడమే కాదు. కొన్నిచోట్ల అది తలుపు తాళం ఇవ్వడం కూడా. బగ్‌జిల్లాలో భద్రతకు సంబంధించిన టికెట్లను ఒక చిన్న సమూహానికే కనిపించేలా చేయవచ్చు. అయితే సీసీ జాబితాలో ఉన్నవారు ఆ సమూహంలో లేకపోయినా ఆ టికెట్టును చూడగలిగేలా ఒక వెసులుబాటు ఉంది. అది తెరిచి ఉన్నప్పుడు ఒక పేరును సీసీలో చేర్చడమంటే చూసే హక్కు ఇవ్వడమే.

మన ఉదాహరణలో కార్యదర్శి పంపిన బిల్లు ఫోటో ఉందనుకోండి. అందులో రైతు పేరు, బ్యాంకు ఖాతా సంఖ్య ఉంటాయి. లోపాన్ని గుర్తించడానికి 6.48, 6.4 అనే రెండు అంకెలు చాలు. ఖాతా సంఖ్య ఎవరికీ అవసరం లేదు. కాబట్టి దాన్ని చెరిపిన తరువాతే ఫోటో జతచేయాలి. ఒకసారి ఈమెయిల్‌గా వెళ్లిన వివరాన్ని వెనక్కి తీసుకోలేం. టికెట్టు నుంచి ఒక సభ్యుని పేరు తొలగించినా, అంతవరకు అతనికి చేరిన ఉత్తరాలు అతని దగ్గరే ఉంటాయి.

9.8 సెలవు, బదిలీ, ముగింపు

జాబితా ఒకసారి రాసి వదిలేసేది కాదు. మనుషులు సెలవు పెడతారు, వేరే పనికి మారతారు, ఉద్యోగం మానుతారు. గణకురాలు సెలవులో ఉన్న పదిహేను రోజుల్లో ఆమెకు వచ్చిన ప్రశ్న అలాగే ఉండిపోతే, మరొక బిల్లు తప్పుగానే చెల్లిస్తారు. బగ్‌జిల్లాలో దీనికి ఒక మంచి ఏర్పాటు ఉంది. ఒక వ్యక్తి మరొక వ్యక్తిని గమనించవచ్చు. అంటే ఆ వ్యక్తికి వచ్చే కబుర్లన్నీ గమనించేవారికీ వస్తాయి. సెలవుపై వెళ్లేవారి స్థానంలో పనిచేసేవారు ఈ విధంగా ఏ టికెట్టునూ జారవిడువకుండా చూసుకోవచ్చు.

కబురు అందినా ఎవరూ కదలని సందర్భాలుంటాయి. అందుకోసం బగ్‌జిల్లాలో వైన్ అనే సదుపాయం ఉంది. ఆ మాటకు సణగడం అని అర్థం. కొత్తగా నమోదై, ఎవరూ ముట్టుకోకుండా నిర్ణీత రోజులు గడిచిన టికెట్లను గురించి అది బాధ్యులకు గుర్తుచేస్తూ ఉంటుంది. మామూలుగా ఆ గడువు 7 రోజులు. సణుగుడు వినడానికి బాగుండదు. కాని మన ఇళ్లలో సగం పనులు దానివల్లనే జరుగుతాయని మీకు తెలుసు.

టికెట్టు ముగించేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ముగించడానికి కారణం చదివేవారికి అర్థమయ్యేలా రాయాలి. "సరిచేశాం" అని మాత్రమే రాస్తే సహాయ కేంద్రం ఉద్యోగిని కార్యదర్శికి ఏం చెబుతుంది? "ఇకపై 6.48ని 6.5గా తీసుకొంటుంది. కొత్త ప్రోగ్రాము వేసిన కేంద్రాల్లోనే ఇది పనిచేస్తుంది. పాత బిల్లుల తేడాను లెక్కకట్టే పనిని వేరే టికెట్టుగా రాశాం" అని ఉంటే ఆమె ఫోను చేసి సూటిగా చెప్పగలదు. రెండవది, ఆ కొత్త టికెట్టుకు చందాదారులు దానంతట అదే రారు. 214లో ఉన్న అవసరమైన పేర్లను అందులోనూ చేర్చాలి. పని ఒక టికెట్టు నుంచి మరొకదానికి మారే చోటనే ఎక్కువగా మనుషులు జారిపోతారు.

అభ్యాసకృత్యం: మీ ఊరి గ్రంథాలయంలోనో, పాఠశాలలోనో, సంఘంలోనో ఇటీవల వచ్చిన ఒక సమస్యను తీసుకోండి. దానికి బాధ్యులుగా ఒకరి పేరు, గమనించేవారుగా గరిష్ఠంగా ముగ్గురి పేర్లు రాసి, ఒక్కొక్క పేరు ఎదుట కారణం రాయండి. కారణం రాయలేని పేరు ఉంటే కొట్టివేయండి.

9.9 సారాంశం

సమస్యల నమోదు వ్యవస్థలో ప్రతి సమస్యా ఒక టికెట్టు. టికెట్టులో మార్పు జరిగినప్పుడు చందాదారులకు కబురు వెళుతుంది. సభ్యులు తామే చేరవచ్చు, ఇతరులు చేర్చవచ్చు, చేసిన పని వల్లనో, విభాగం వల్లనో చేరవచ్చు. బాధ్యులుగా ఒక్కరి పేరు తప్పక ఉండాలి. గమనించేవారిని కారణం ఉన్నప్పుడే చేర్చాలి. అందరికీ పంపిన కబురును చివరకు ఎవరూ చదవరు. వ్యవస్థ బయట ఉన్నవారి తరఫున ఒకరు లోపల ఉండాలి. చేర్చడం వల్ల చూసే హక్కు కూడా రావచ్చు కాబట్టి సొంత వివరాల విషయంలో జాగ్రత్త అవసరం. సెలవులు, బదిలీలు, కొత్త టికెట్ల సమయంలో జాబితాను మళ్లీ సరిచూడాలి.

9.10 పదకోశం

టికెట్టు: ఒక సమస్య వివరాలూ, చర్చా, దశా ఉన్న నమోదు.
అసైనీ: టికెట్టుకు బాధ్యత వహించే వ్యక్తి.
వాచర్: పని సాగే తీరును గమనించే చందాదారు.
సీసీ: కబురు నకలు అందుకొనేవారి జాబితా.
సబ్‌స్క్రిప్షన్: మార్పుల సమాచారం క్రమంగా అందేలా పేరు చేర్చడం.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 20 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒక టికెట్టుకు ఎవరిని చేర్చాలో నిర్ణయించే పద్ధతిని ఉదాహరణతో వివరించండి.
2. అందరినీ అన్ని టికెట్లకూ చేర్చడం వల్ల కలిగే నష్టాలేవి? వాటిని తగ్గించే మార్గాలేవి?

II. కింది ప్రశ్నలకు 8 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలియజేయడానికీ, అప్పగించడానికీ గల తేడాను తెలపండి.
2. టికెట్టు ముగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
3. సీసీ జాబితాకూ, గోప్యతకూ గల సంబంధం ఏమిటి?

9.12 మీ సమాధానాలను సరిచూసుకోండి

1. ఒక లోపానికి లేదా పనికి సంఖ్య ఇచ్చి, దాని వివరాలూ, చర్చా, దశా ఒకేచోట రాసిన నమోదు.
2. బాధ్యులు సమస్యను పరిష్కరించాలి. గమనించేవారికి పని సాగే తీరు తెలిస్తే చాలు.
3. తానే చేరడం, ఇతరులు చేర్చడం, వ్యాఖ్య లేదా ప్రస్తావన వంటి పని వల్ల చేరడం, విభాగం వల్ల చేరడం.
4. నష్టపోయిన రైతుకూ, ఫోను చేసిన కార్యదర్శికీ వ్యవస్థలో ఖాతా లేదు. ఫలితాన్ని వారికి చేరవేయవలసింది ఆమే.